పద్నాలుగున్నర డిగ్రీల అక్షాంశం మీద కాలినడక

కాలినడక యాత్రల గురించిన పుస్తకాలలో కనిపించే సూత్రాలలో ఎక్కువ భాగం చలిదేశాల కొండల్లో, అడవుల్లో పుట్టినవి. చెట్టు మొదలుకు ఉత్తరం వైపున పాచి పడుతుందని, మధ్యాహ్నపు నీడ ఉత్తరాన్ని చూపుతుందని, దారి తప్పినవారు వాగు పారే దిక్కున నడిస్తే ఊరు చేరతారని, దిగిపోతున్న సూర్యుడికీ క్షితిజానికీ మధ్య ఎన్ని వేళ్లు పడితే అన్ని పావుగంటల వెలుగు మిగిలి ఉంటుందని అవి చెబుతాయి. ఈ సూత్రాల వెనుక ఉన్న భౌతిక శాస్త్రం భూమి మీద ఎక్కడైనా ఒకటే అయినా, వాటిలోని అంకెలు అక్షాంశాన్ని బట్టి, నేల వాలును బట్టి, గాలిలోని తేమను బట్టి మారిపోతాయి. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని మైపాడు ఇసుక మీద నిలబడి పరీక్షిస్తే, పై నాలుగు సూత్రాలలో ఏ ఒక్కటీ ఉన్నదున్నట్టుగా పనికిరాదు. ఈ తీరంలో నడిచేవారికి కావలసినది కంఠస్థం చేసిన సూత్రం కాదు, ఆ సూత్రం ఎందుకు నిలుస్తుందో, ఎక్కడ తప్పుతుందో తెలుసుకొని ఇక్కడి లెక్కను ఇక్కడే కట్టుకోగల నేర్పు.

ముందుగా నేల సంగతి తెలియాలి. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టిన పెన్న సుమారు 600 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు దాటిన తరువాత ఊటుకూరు సమీపంలో బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రుమట్టినీ ఇసుకనూ అలలు సర్దిపెట్టగా ఏర్పడిన డెల్టాలో ఇందుకూరుపేట ఉంది. సముద్రం ఒకప్పుడు ఎంతవరకు ఉండేదో చెప్పే పాత తీరరేఖలు తీరానికి సమాంతరంగా పొడవైన ఇసుక దిబ్బలుగా మిగిలిపోయాయి. దిబ్బల మీద ఊళ్లు, తాటిచెట్లు, సరుగుడు తోటలు ఉంటే, వాటి నడుమ పల్లపు నేలల్లో వరి పొలాలు, ఇటీవలి దశాబ్దాలలో రొయ్యల గుంటలు పరుచుకున్నాయి. తీరానికి కొంచెం లోపలగా బకింగ్‌హాం కాలువ సాగుతుంది. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల పొడవున్న ఈ ఉప్పునీటి కాలువలో పలు భాగాలను ధాత కరువుగా పేరుపడిన 1876–78 నాటి మహాక్షామంలో కరువు పనులుగా తవ్వించారు. 1878లో దానికి అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. మైపాడు నుంచి ఉత్తరంగా పెన్న మొగ వైపు నడిచే బాటసారికి కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు దిబ్బలు, వాటి వెనుక కాలువ ఉంటాయి. సముద్రం కనిపిస్తున్నంతసేపు దిక్కుల గురించి వెతుక్కోవలసిన పని లేదు. ఒకే ఎత్తు సరుగుడు వరుసల మధ్య, ఒకే తీరున ఉండే గుంటల కట్టల మీద, అలల చప్పుడు వినిపించనంత లోపలికి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది.

నీడ, వేళ్లు, చుక్కలు

మధ్యాహ్నపు నీడ ఉత్తరాన్ని చూపాలంటే సూర్యుడు నడినెత్తికి దక్షిణంగా ఉండాలి. కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న దేశాలలో ఏడాది పొడవునా జరిగేది అదే. మైపాడు సుమారు పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ 29 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, ఆపైన ఉత్తరానికి జరిగి, ఆగస్టు 13 ప్రాంతంలో తిరిగి నడినెత్తిని దాటి దక్షిణానికి వెళతాడు. ఈ మధ్యలోని మూడున్నర నెలలు ఇక్కడి మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మీటరు పొడవున్న కర్రను ఇసుకలో నిలువుగా పాతితే జూన్ 21 మధ్యాహ్నం దాని నీడ దక్షిణంగా 16 సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది, డిసెంబరు 21న అదే కర్ర ఉత్తరంగా 78 సెంటీమీటర్ల నీడ వేస్తుంది. పుస్తకాన్ని నమ్మి మే నెలలో నీడ చూపిన దిక్కునే ఉత్తరమనుకున్నవాడు నేరుగా దక్షిణానికి నడుస్తాడు. మధ్యాహ్నం అన్నా గడియారపు పన్నెండు కాదు. భారత ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల రేఖాంశానికి లెక్కగట్టారు, మైపాడు దానికి పడమరగా ఉంది, పైగా భూమి కక్ష్య దీర్ఘవృత్తం కావడం వల్లా దాని అక్షం వాలి ఉండడం వల్లా సూర్యుడి నడక ఏడాదంతా ఒకే తీరున ఉండదు. అందువల్ల ఇక్కడ సూర్యుడు తన పరమోన్నత స్థానానికి చేరే వేళ నవంబరు మొదట్లో 11 గంటల 53 నిమిషాలకు, ఫిబ్రవరి నడుమ 12 గంటల 24 నిమిషాలకు వస్తుంది.

ఈ గందరగోళం ఏదీ అంటని పద్ధతి ఒకటి ఈ దేశంలోనే ఉంది. కాత్యాయన శుల్బసూత్రంలో చెప్పిన ఆ పద్ధతి యజ్ఞవేదికలకు దిక్కులు నిర్ణయించడానికి పుట్టింది. చదునైన నేలలో శంకువును, అంటే నిలువు కర్రను పాతి, దాని మొదలు కేంద్రంగా ఒక వృత్తం గీయాలి. పొద్దున్న నీడ కొన కుంచించుకుంటూ వచ్చి వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తరువాత నీడ పెరుగుతూ పోయి మళ్లీ వృత్తాన్ని తాకిన చోట మరొక గుర్తు పెట్టి, రెండింటినీ కలిపితే వచ్చే గీత తూర్పు పడమరలను చూపుతుంది. మొదటి గుర్తు పడమటిది, రెండవది తూర్పుది. నీడ ఉత్తరాన పడినా దక్షిణాన పడినా ఈ గీత మారదు. నడినెత్తి సూర్యుడున్న దేశంలో ఆలోచించినవారు కట్టిన పద్ధతి కనుకనే అది ఈ అక్షాంశానికి సరిపోతుంది. బయటి దేశాల పుస్తకాలలో కర్ర నీడ పద్ధతి పేరుతో వచ్చే కుదింపుల కన్నా దీనినే నేర్చుకోవడం మంచిది. కావలసిందల్లా అటూ ఇటూ కలిపి కొన్ని గంటల ఓపిక.

వేళ్ల లెక్క కూడా ఇలాంటిదే. చేయి చాచి పట్టుకున్నప్పుడు ఒక వేలి వెడల్పు ఆకాశంలో సుమారు రెండు డిగ్రీలను కప్పుతుంది. ఉత్తర ఐరోపాలో సూర్యుడు ఏటవాలుగా, నెమ్మదిగా దిగుతాడు కాబట్టి ఒక వేలి దూరం దాటడానికి పావుగంట దాకా పట్టవచ్చు. పద్నాలుగున్నర డిగ్రీల అక్షాంశంలో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా, గంటకు పద్నాలుగు డిగ్రీలకు పైగా దిగుతాడు. కాబట్టి ఇక్కడ వేలికి ఎనిమిది నిమిషాలే. నాలుగు వేళ్లు పట్టితే గంట ఉందనుకొని పెన్న మొగ దగ్గర కాలక్షేపం చేసినవారికి నిజానికి ఉన్నది అరగంట. అస్తమయం తరువాత ఉపయోగపడే సంధ్యవెలుగు కూడా ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలకు మించదు. పైగా ఈ తీరంలో సూర్యుడు సముద్రంలో కాక తాటితోపుల వెనుక కుంకుతాడు, కాబట్టి చెట్ల ఎత్తు మేరకు వెలుగు ఇంకొంచెం ముందే తగ్గుతుంది.

రాత్రిపూట ధ్రువనక్షత్రం ఎంత ఎత్తున ఉంటుందో తెలియక చాలామంది దానిని పోల్చుకోలేరు. ఒక ప్రదేశపు అక్షాంశం ఎంతో ధ్రువనక్షత్రం ఎత్తు దాదాపు అంతే. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలు కనుక, మైపాడులో అది ఉత్తర క్షితిజానికి ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తులోనే ఉంటుంది, తీరపు తేమ మసకలో చాలా రాత్రులు కనిపించనే కనిపించదు. చలిదేశాలలో ఏ రాత్రయినా కనిపించే సప్తర్షి మండలం ఇక్కడ ఉదయించి అస్తమిస్తుంది. అది లేని వేళల్లో ఇంగ్లీషు అక్షరం డబ్ల్యూ ఆకారంలోని శర్మిష్ఠ రాశి ధ్రువానికి అవతలి వైపున తేలి ఆ పని చేస్తుంది. ఐరోపా బాటసారికి లేని లాభం ఒకటి ఈ అక్షాంశానికి ఉంది. ఏప్రిల్, మే రాత్రులలో దక్షిణ క్షితిజానికి సుమారు ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తున త్రిశంకు నక్షత్రాలు శిలువ ఆకారంలో నిలబడతాయి, అవి నిటారుగా నిలిచిన వేళ వాటి కింద ఉన్న దిక్కు దక్షిణం.

ఇక వాగు వెంబడి నడవమన్న సలహా. కొండల్లో నీరు పల్లానికి, పల్లం ఊరికి దారితీస్తాయి. డెల్టాలో పల్లానికి పోయేకొద్దీ ఎదురయ్యేది బురద, మడ చెట్లు, ఉప్పుటేరు. పోటు వేళ ఉప్పుటేటి నీరు వెనక్కి పారుతుంది కాబట్టి పారే దిక్కును బట్టి సముద్రం ఎటు ఉందో చెప్పడం కూడా కుదరదు. ఇక్కడ దారి తప్పినవారు ఎక్కవలసింది మిట్టకు: తాటిచెట్ల వరుస కనిపిస్తే అది పాత దిబ్బ, దిబ్బ మీద బాట, బాట చివర ఊరు. కంటి ఎత్తు మీటరున్నర పైచిలుకు ఉన్న మనిషికి చదునైన నేల మీద క్షితిజం నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ముగుస్తుంది. కానీ ఇరవై మీటర్ల తాటిచెట్టు తల, గాలి తేటగా ఉండి మధ్యలో అడ్డు లేకపోతే, ఇరవై కిలోమీటర్ల దూరం దాకా క్షితిజం మీద నిలుస్తుంది. పడవ మీద తిరిగి వచ్చే మత్స్యకారులు గుడి గోపురాన్నీ, తాటితోపునూ ఒకే వరుసలోకి తెచ్చుకొని ఒడ్డు చేరడం ఈ జ్యామితి మీదే ఆధారపడి ఉంది.

తడి ఇసుక

పొడి ఇసుక మీద నడవడానికి గట్టి నేల మీద అదే వేగంతో నడవడానికి పట్టే శక్తికి రెట్టింపుకు పైగా ఖర్చవుతుందని ప్రయోగాలు తేల్చాయి. అడుగు వేసిన ప్రతిసారీ కాలి బలంలో కొంత ఇసుక రేణువులను పక్కకు నెట్టడానికే పోతుంది. అందుకే తీరపు నడక అంతా అల వచ్చి పోయిన తడిపట్టీ మీద సాగాలి. ఆ పట్టీ మీద అడుగు పెట్టగానే పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లబోయి ఎండినట్టు కనిపించడం అందరూ చూసేదే. కాలి ఒత్తిడికి నీరు పిండుకుపోయిందని సాధారణంగా అనుకుంటారు. నిజం దానికి తలకిందులు. దగ్గరదగ్గరగా సర్దుకొని ఉన్న రేణువులు ఒత్తిడికి ఒకదాని మీద ఒకటి ఎక్కవలసి వచ్చి వాటి మధ్య ఖాళీలు పెరుగుతాయి, పైనున్న నీరు ఆ ఖాళీల్లోకి దిగిపోతుంది, ఉపరితలం పొడిగా కనిపిస్తుంది. ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ 1885లో ఈ వ్యాకోచాన్ని వివరించాడు. బాటసారికి ఇది పనికొచ్చే గుర్తు. అడుగు చుట్టూ తెల్లబారే ఇసుక గట్టిగా సర్దుకున్నది, బరువు మోస్తుంది. తెల్లబారకుండా జెల్లీలా వణికి నీరు పైకి తేలే ఇసుక వదులుగా ఉంది, దాని మీద బరువు వేయకూడదు.

అలాంటి వదులు నేల పెన్న మొగ దగ్గరా, ఉప్పుటేళ్ల అంచుల్లోనూ ఎదురవుతుంది. ఊబి మనిషిని తల దాకా మింగుతుందన్నది సినిమాల నమ్మకం. నీటితో కలిసిన ఇసుక సాంద్రత మనిషి శరీర సాంద్రత కన్నా ఎక్కువ కాబట్టి నడుము దాటి దిగడం జరగదు. ప్రమాదం మరో వైపు నుంచి వస్తుంది. చిక్కుకున్న కాలి చుట్టూ ఇసుక బిగుసుకుంటుంది, కాలిని నిలువుగా లాగితే ఊడదు, ఈలోగా పోటు వస్తుంది. వెనక్కి వాలి బరువును వెడల్పుగా పరచి, కాలిని చిన్నచిన్నగా కదుపుతూ దాని చుట్టూ నీరు చేరనిస్తే పట్టు సడలుతుంది. మొగ దగ్గర ఇసుక మేటలు ఏటేటా స్థానం మారుతుంటాయి. నైరుతి రుతుపవనాల అలలు ఈ తీరం పొడవునా ఇసుకను ఉత్తరానికి తోస్తే ఈశాన్య రుతుపవన కాలంలో ఆ తోపుడు తిరగబడుతుంది. కాబట్టి నిరుడు దాటిన రేవు ఈ ఏడు ఉంటుందని ఎవరూ అనుకోకూడదు, స్థానిక మత్స్యకారులను అడగకుండా మొగను దాటకూడదు.

ఆటుపోటుల లెక్క తేలికైనదే. చంద్రుడి ఆకర్షణ వల్ల రోజుకు రెండు పోటులు, రెండు ఆటులు వస్తాయి, ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే ఏ పోటయినా మరుసటి రోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పున్నమి రోజుల ప్రాంతంలో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలోకి వచ్చి పోటు పెద్దదవుతుంది, అష్టమి ప్రాంతంలో చిన్నదవుతుంది. నెల్లూరు తీరంలో పెద్ద పోటుల తేడా మీటరు ప్రాంతంలోనే ఉంటుంది, గుజరాత్ తీరంతో పోలిస్తే చాలా తక్కువ. అయినా ఇరవై మీటర్లకు ఒక మీటరు వాలున్న ఒడ్డు మీద ఆ ఒక్క మీటరు నీరు ఇరవై మీటర్లు లోపలికి వస్తుంది. నిన్నటి పోటు ఎంతదాకా వచ్చిందో ఒడ్డు మీద ఎండుటాకులు, గవ్వలు, నురుగు చెత్త కలిసిన గీత చెబుతుంది. రాత్రి బస గీతకు పైన, బాలబంద తీగ అల్లుకున్న చోటుకు వెనుకగా ఉండాలి. మేక గిట్ట ఆకారపు ఆకులూ ఊదారంగు పూలూ ఉండే ఈ తీగ, బంతుల్లా దొర్లే ముళ్లగుత్తుల రావణాసురుని మీసం గడ్డి, ఉప్పు తుంపరలను తట్టుకొని ఇసుకను పట్టి ఉంచే మొదటి మొక్కలు. అవి నిలదొక్కుకున్నాయంటే అక్కడికి సముద్రం తరచుగా రావడం లేదని అర్థం. వాటిని తొక్కిన చోట ఇసుక కదిలి దిబ్బ తెగుతుంది, అందువల్ల పక్కనుంచి నడవడం మేలు.

చెలమ

ఈ తీరం నేర్పే విద్యలన్నిటిలో అత్యంత విలువైనది ఉప్పు సముద్రానికి కూతవేటు దూరంలో మంచినీరు దొరకడమెలాగో తెలిసి ఉండడం. ఇసుకలో చేత్తో తవ్వి నీరు ఊరనిచ్చే గుంటను చెలమ అంటారు. పెన్న ఎండినప్పుడు నది ఇసుకలో చెలమలు తీసి తాగునీరు తోడుకోవడం జిల్లా అంతటా ఉన్న అలవాటు. సముద్రపు ఒడ్డున కూడా అదే సాధ్యమవడానికి కారణం సాంద్రతలోని కొద్దిపాటి తేడా. మంచినీటి సాంద్రత ఒకటి అయితే సముద్రపు నీటిది సుమారు 1.025. ఇసుక దిబ్బ మీద కురిసిన వాన సన్నని రంధ్రాల గుండా దిగి, కింద ఇసుకలో నిండి ఉన్న ఉప్పునీటితో తొందరగా కలిసిపోకుండా, నీటి మీద నూనెలా దాని మీద తేలుతుంది. డచ్చి దేశస్థుడు బాడన్ గైబెన్, జర్మన్ ఇంజినీరు హెర్జ్‌బెర్గ్ పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేర్వేరుగా కట్టిన లెక్క ప్రకారం, సముద్ర మట్టానికి ఒక అడుగు పైన మంచినీటి మట్టం ఉంటే దాని కింద నలభై అడుగుల లోతు దాకా మంచినీరు ఉంటుంది. 0.025 తేడాతో ఒకటిని భాగిస్తే వచ్చేదే ఆ నలభై.

ఈ లెక్క నుంచి చెలమ తవ్వే పద్ధతి దానంతటదే వస్తుంది. తవ్వవలసిన చోటు దిబ్బ శిఖరం కాదు, సముద్రం వైపు వాలూ కాదు. దిబ్బకు వెనుక, దిబ్బకూ దిబ్బకూ మధ్య పల్లంలో, నీటి మట్టం నేలకు దగ్గరగా వచ్చే చోటు. ఎండాకాలంలోనూ పచ్చగడ్డి నిలిచిన చోటు, జమ్ము మొలిచిన అంచు అందుకు ఆనవాళ్లు. ఇసుక రంగు మారి తేమ తగలగానే లోతు తగ్గించి వెడల్పు పెంచాలి, ఎందుకంటే తేలి ఉన్న మంచినీటి పొరను దాటి లోతుకు తవ్వినా, ఒక్కసారిగా ఎక్కువ తోడినా, నలభై రెట్ల లెక్కే ఎదురుతిరుగుతుంది: పైన మట్టం ఒక జానెడు తగ్గితే కింద ఉప్పునీరు నలభై జానల మేర పైకి పొడుచుకు వస్తుంది. మొదట ఊరిన బురదనీటిని తోడిపోసి, రెండోసారి తేటపడిన నీటిని గిన్నెతో మెల్లగా ముంచుకోవాలి. నాలుకకు ఉప్పదనం తగిలితే మరికొంత లోపలికి జరిగి మళ్లీ తవ్వాలి తప్ప అదే గుంటను లోతు చేయకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వల్ల జిల్లా వార్షిక వర్షంలో సగానికి పైగా కురుస్తుంది, కాబట్టి సంక్రాంతి రోజుల్లో చెలమ తేలిగ్గా ఊరుతుంది, మే నెలకు ఆ పొర పలచబడిపోతుంది.

అయితే ఈ విద్యను ఇవాళ గుడ్డిగా వాడడం ప్రమాదకరం. రొయ్యల గుంటల ఉప్పునీరు ఇంకి చుట్టుపక్కల భూగర్భజలం చెడిపోవడం ఈ తీరానికి కొత్త కాదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీర నియంత్రణ మండలంలోని రొయ్యల గుంటల గురించి ఇచ్చిన తీర్పుకు వెనుక ఉన్న ఫిర్యాదులలో తాగునీరు ఉప్పబారడం ఒకటి. గుంటల దగ్గరి చెలమలో ఉప్పుతో పాటు ఎరువులు, మందులు కూడా ఉండవచ్చు, నీటిని కాచినా అవి పోవు. రసాయనాల భయం లేని దిబ్బలో ఊరిన నీటిని కూడా మరగకాచే తాగాలి. మంచినీటి పొరను తరతరాలుగా కాపాడిన దిబ్బను ఇసుక కోసం తవ్వి చదును చేస్తే దాని కింది నీరు కూడా పోతుందన్న సంగతిని తీరప్రాంతంలో ఇళ్లు, రిసార్టులు కట్టేవారికి చెప్పేవారు లేకపోవడం ఆందోళన కలిగించే విషయం.

నీరు తాగడం ఒక్కటే చాలదు. తీరంలో గాలి తేమతో నిండి ఉండడం వల్ల చెమట ఆరదు; ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాక ఆరడమే కాబట్టి, కావలి ఎగువ మెట్టల్లో కన్నా రెండు డిగ్రీలు తక్కువ ఉన్నా మైపాడులో ఒంటికి ఎక్కువ కష్టం కలగవచ్చు. వేసవిలో ఉదయం పడమటి గాలి వీస్తున్నంతసేపు వేడి పెరుగుతూ పోతుంది, సముద్రపు గాలి మళ్లిన తరువాత తగ్గుతుంది. ఆ గాలి ఆలస్యమైన రోజులే వడదెబ్బ రోజులు. చెమటతో పోయిన ఉప్పును భర్తీ చేయడానికి లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన ద్రావణం, లేదా ఉప్పు వేసిన పలచని మజ్జిగ పనికొస్తాయి. కొబ్బరినీటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కనుక అది ఒక్కటే సరిపోదు.

గాలి వాలు, నీటి లాగుడు

సముద్రంలో దిగేవారిని మైపాడు వంటి ఒడ్డుల్లో ఎక్కువగా బలి తీసుకునేది పెద్ద అల కాదు, అలల మధ్య ప్రశాంతంగా కనిపించే ఖాళీ. ఒడ్డుకు కొట్టిన అలల నీరు ఇసుక మేటల మధ్య లోతైన సందు వెంట తిరిగి సముద్రంలోకి పరుగెడుతుంది. ఆ సందులో లోతు ఎక్కువ కనుక అలలు విరగవు, నురుగు ఉండదు, నీరు మురికిగా లోపలికి సాగుతుంటుంది. అందులో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతారు, ఒడ్డుకు సమాంతరంగా ఈదితే ఆ సన్నని ప్రవాహం నుంచి బయటపడి అలలతో వెనక్కి వస్తారు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఎత్తైన అలలపై ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందు వాటిని చూసుకోవడం తప్పనిసరి. 2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దగ్గర భూకంపం వచ్చిన రెండున్నర గంటల ప్రాంతంలో సునామీ ఈ తీరాన్ని తాకినప్పుడు అలాంటి హెచ్చరిక వ్యవస్థ లేదు; ఇన్‌కాయిస్‌లో సునామీ కేంద్రం 2007 అక్టోబరులో మొదలైంది. నీరు అకారణంగా వెనక్కి పోయి సముద్రపు అడుగు బయటపడితే గవ్వలు ఏరడానికి కాదు, దిబ్బ మీదికి పరుగెత్తడానికి అది సంకేతం.

తుపానుల విషయంలో గాలిని చదవగలగడం ఇప్పటికీ విలువైనదే. గాలికి వీపు పెట్టి నిలబడితే, ఉత్తరార్ధగోళంలో అల్పపీడన కేంద్రం ఎడమచేతి వైపు ఉంటుందని బైజ్ బాలట్ 1857లో సూత్రీకరించాడు. నవంబరులో ఈశాన్యం నుంచి బలంగా గాలి వీస్తుంటే కేంద్రం ఆగ్నేయంగా, సముద్రం మీద ఉందన్నమాట. ఆ గాలి తూర్పుకు, ఆపైన ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం దక్షిణంగా దాటుతోంది. ఉత్తరానికి, వాయవ్యానికి తిరిగితే ఉత్తరంగా దాటుతోంది. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, సన్నని భూభాగాన్ని దాటి బంగాళాఖాతంలోకి వచ్చి, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును ఈ జిల్లా పెద్దలు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. సెల్‌ఫోను సిగ్నలు మొదటి గాలికే పోయే చోట ఈ సూత్రం చేతిలో మిగిలే పరికరం. అయితే దానిని వాడవలసింది తప్పించుకొని వెళ్లడానికే. అక్టోబరు నుంచి డిసెంబరు నడుమ హెచ్చరిక ఉన్న రోజున తీరపు నడక పెట్టుకోకూడదు.

బొరియల అక్షరాలు

ఈ నేలను అందరికన్నా దగ్గరగా చదివినవారు యానాదులు. నెల్లూరు జిల్లాలో ఎక్కువగా నివసించే ఈ గిరిజనుల గురించి థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద వెలువరించిన తన 1909 నాటి గ్రంథంలో రాశాడు. నెల్లూరు ప్రాంతానికి చెందిన సంఘసేవకుడు వెన్నెలకంటి రాఘవయ్య 1962లో వారి మీద ఒక పుస్తకమే ప్రచురించారు. రాకెట్ కేంద్రానికి 1969లో ఎంపికయ్యే నాటికి శ్రీహరికోట అడవి వారి ఆవాసం. పొలం గట్ల మీద ఎలుక బొరియలను పోల్చడం, వాటి దారులు మూసి పొగ పెట్టి పట్టడం, కాలువల్లో చేతులతో చేపలు పట్టడం, పాములను గుర్తించడం వారి నిత్య జీవితం. వారిని పేదరికపు చిహ్నంగా మాత్రమే చూసే వ్యవహారం, ఆ పేదరికంతో పాటు వారి పరిశీలనా శాస్త్రాన్ని కూడా కనబడకుండా చేసింది.

బొరియను చదవడం బాటసారికి అక్కరకొచ్చే పాఠం. ఒడ్డు ఇసుకలో గుండ్రని నోరు ఉండి, ఒక వైపున తడి ఇసుక గుళికలు చిమ్మి ఉంటే అది ఎండ్రకాయది. గట్టు మీద కొత్త మట్టి కుప్పగా తోసి ఉంటే ఎలుక లోపల ఉంది. నోరు నున్నగా అరిగి, మట్టి పాతబడి, ఏ సాలెగూడూ అడ్డం లేకుండా ఉంటే ఎలుకను తిని ఆ ఇంటిని ఆక్రమించిన పాము ఉండే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక నేలల్లో ఎక్కువగా తిరిగే చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికి దేశంలో తయారయ్యే విరుగుడు మందు పనిచేస్తుంది. వలల్లో పడి ఒడ్డున పారవేయబడే సముద్రపు పాముల విషానికి అది పనిచేయదు. తెడ్డులా చదునుగా ఉండే తోక వాటి గుర్తు. చచ్చినట్టు పడి ఉన్నా ముట్టుకోకూడదు. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం మాని, కాటుపడిన అవయవాన్ని కదలకుండా బద్ద కట్టి, ఆసుపత్రికి మోసుకుపోవడమే చికిత్స. రాత్రిపూట గట్టు మీద నడిచేవారు టార్చి వెలుగును పాదాలకు రెండడుగుల ముందు పడనివ్వాలి.

అయితే జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రపు ఒడ్డున అదే టార్చి హాని చేస్తుంది. ఆ నెలల రాత్రులలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుక మీద సుమారు ముప్పావు మీటరు వెడల్పున, ఎడమ కుడి రెక్కల గుర్తులు ఒకదాని తరువాత ఒకటిగా పడిన జాడ నీటి నుంచి పైకి పోయి, తిరిగి నీటికి దిగితే, ఆ జాడ మలుపు దగ్గర ఇసుక కింద నూరు గుడ్లు ఉండవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి కనుక ఆ గూటిని కదపడం నేరం. గుడ్లు నలభై ఐదు నుంచి అరవై రోజులలో పొదుగుతాయి, ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. రాత్రి వెలికివచ్చే పిల్లలు క్షితిజంలో ఎక్కువ వెలుగున్న వైపుకు పాకుతాయి, సహజంగా అది నీటి మీద ఆకాశం. తెల్లని టార్చి, బస దగ్గరి మంట వాటిని లోపలి దిబ్బల వైపు లాగి కుక్కలకు అప్పగిస్తాయి. వెలుతురు తప్పనిసరైతే ఎర్ర కాగితం చుట్టిన మసక దీపం చాలు, నడక తడిపట్టీ మీదే సాగాలి, దిబ్బ వెనుక తీసిన చెలమను తెల్లవారేలోగా పూడ్చి వెళ్లాలి, ఎందుకంటే దారి తప్పి ఆ గుంటలో పడిన పిల్ల తాబేలు దాని ఇసుక గోడను ఎక్కలేదు.